పిల్లల పుస్తకాలు కాదు... మనం చదువుకోటానికి ఏమన్నా చెప్పండి

పటమట_అమ్మ:

నమస్తే అండీ అందరికీ. ముందే చెప్పేస్తున్నా, పేరెంటింగ్ పుస్తకాలు వద్దు. పిల్లల్ని ఎట్లా పెంచాలి, ఫోన్ ఎట్లా మాన్పించాలి, ఏ కాలేజీలో వేస్తే ఏ ర్యాంకు, ఇవేం వద్దు. నాకోసం కావాలి. నేను చదువుకుని నవ్వుకోటానికో ఏడవటానికో.

మా ఇంటి సంగతేంటంటే పెద్దాడు ఎయిత్, ఐఐటీ ఫౌండేషన్ అని సాయంత్రం చీకటిపడేదాకా స్కూల్లోనే ఉంచుతారు, చిన్నది యూకేజీ, మా ఆయన మెడికల్ రెప్, వారంలో సగం క్యాంపులే, నేను ఆటోనగర్ లో ఒక స్పేర్ పార్ట్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తా. ఇంక నాకు మిగిలే టైమ్ అంటే మధ్యాహ్నం బాక్స్ తిన్నాక ఒక పావుగంట, చిన్నదాని డాన్స్ క్లాస్ బయట మెట్ల మీద కూచునే టైమ్, రాత్రి గిన్నెలు బోర్లించి పొయ్యి గట్టు తుడిచాక కళ్లు మూతలు పడేలోపు ఎంతుంటే అంత. ఆ టైమ్ మొత్తం ఫోన్ తినేస్తోంది, ఒక రీల్ తర్వాత ఇంకోటి, లేచి చూస్తే ఏం చూశానో ఒక్కటి గుర్తుండదు, చిరాకేస్తుంది.

ఇంటర్ లో ఉన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల కొట్టులో యండమూరి, మల్లాది, యద్దనపూడి ఒక్కటి వదల్లేదు నేను. డిగ్రీ అవగానే పెళ్లి, ఇంక అక్కడితో ఆగిపోయింది. అంటే తెలుగులో ఆ తర్వాత ఎవరు రాశారు ఏం రాశారు నాకు బొత్తిగా తెలీదు. అందుకని కాస్త కొత్తవి చెప్పండి, మరీ ఈ సంవత్సరం వచ్చినవే కానక్కర్లేదు, నాకు అన్నీ కొత్తే. తెలుగైతే బాగుంటుంది, ఇంగ్లీషు తేలికగా ఉంటే అదీ ఓకే. లావు పుస్తకం చూస్తే భయం. ఇంకోటి, చిన్నపిల్లలకి ఏమన్నా అయిపోయే కథలు వద్దండి ప్లీజ్, పిల్లలు పుట్టాక అలాంటివి తట్టుకోలేకపోతున్నా.

ఏలూరురోడ్డు_పుస్తకప్పురుగు:

మేడమ్ మీరు సరైన చోటే అడిగారు, ఇంక ఆపటం మీ వల్ల కాదు 😄

మీకున్న టైమ్ కి కథలే కరెక్టు. కూచున్న చోట ఒకటి అయిపోతుంది, మళ్లీ వారం దాకా ముట్టుకోకపోయినా ఏం పోదు. మొదట ఒక టెస్టు పెట్టుకోండి, శ్రీరమణ గారి మిథునం. పాతిక పేజీలుంటుందేమో, అంతే. సినిమా మీరు చూసే ఉంటారు, 2012లో వచ్చింది, బాలూ గారూ లక్ష్మి గారూ వేశారు. సినిమా చూసినా సరే కథ చదవండి, ఆ మాటల రుచి తెర మీదకి పూర్తిగా రాలేదని నా ఫీలింగు. శ్రీరమణ గారు మన వైపు మనిషే, వేమూరు దగ్గర. కథలో ముసలాయన అప్పదాసు అరిటాకు కోసేదీ ఊరగాయ కలిపేదీ చదువుతుంటే అన్నం తిని కూచున్నా మళ్లీ ఆకలేస్తుంది.

అది నచ్చితే ఖదీర్ బాబు. దర్గామిట్ట కథలు ముందు, నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లాడు చెబుతుంటాడు, ఒక్కోటి నాలుగైదు పేజీలు, వాళ్ల నాయన, అమ్మ, నాయనమ్మ అందరూ మీకు తెలిసిన మనుషులైపోతారు. తర్వాత మెట్రో కథలు. ఇవి సిటీలో ఉద్యోగాలు, మొగుడూ పెళ్లాలు, ఇంట్లో బయటికి చెప్పుకోని గొడవలు, మీ వయసు వాళ్లకి బాగా కనెక్టు అవుతాయి. నాకైతే దర్గామిట్టే ఎక్కువిష్టం, మా ఆవిడకి మెట్రో.

ఇంక అసలు మిస్సైంది అంతా ఒకేచోట కావాలంటే 'కథ' అని ఒక సంపుటం వస్తుంది ఏటా. 1990 నుంచీ వేస్తున్నారు, వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ ఇద్దరూ కలిసి ఆ సంవత్సరం అన్ని పత్రికల్లో వచ్చిన వాటిల్లోంచి ఏరి వేస్తారు. మీరు చదవటం మానేసిన కాలంలోంచి ఏదో రెండు సంవత్సరాలవి తీసుకోండి. ఒక్కో రచయితది ఒక్కో కథే కాబట్టి ఎవరు మీకు పడతారో ఎవరు పడరో తెలిసిపోతుంది, తర్వాత పడ్డవాళ్ల సొంత పుస్తకాలు కొనుక్కోవచ్చు. అన్నీ నచ్చవు, అది కూడా చెప్పాలి. కొన్ని ఉపన్యాసాల్లా ఉంటాయి, మొహమాటం లేకుండా తిప్పేయండి.

మరీ కొత్తవాళ్లు అంటే రమేశ్ కార్తీక్ నాయక్ అని కుర్రాడు, ఢావ్లో అని బంజారా తండాల కథలు రాశాడు, 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మనకి తెలీని లోకం మొత్తం. అలాగే తల్లావఝల పతంజలిశాస్త్రి గారి రామేశ్వరం కాకులు, 2023 అకాడెమీ అవార్డు. కానీ అది రాత్రి గిన్నెలు తోమాక చదివేది కాదండి, సగం చెప్పి సగం మనకొదిలేస్తాడాయన, ఆదివారం మధ్యాహ్నం పిల్లలు పడుకున్నప్పుడు తీయండి.

బ్రాడీపేట_4బై7:

పటమట అక్కా నీ పోస్టు చదువుతుంటే నా గురించి నేనే రాసుకున్నట్టుంది. మాదీ ఇద్దరు పిల్లలే, మా అత్తగారు మాతోనే ఉంటారు, నేను టీచర్ని.

పైన ఆయన చెప్పినవి మంచివే కానీ అన్నీ మగాళ్లవే చెప్పాడు చూశావా. నేను మన ఆడవాళ్లవి చెప్తా.

మొట్టమొదట పి. సత్యవతి గారి ఇల్లలకగానే. ఆవిడ పుట్టింది తెనాలి దగ్గర కొలకలూరు, లెక్చరర్ గా పనిచేసింది మీ బెజవాడలోనే. ఆ కథ ఏంటంటే ఒకావిడ ఇల్లు అలికి ముగ్గేసి, వండి వార్చి, అందర్నీ చూసుకుని చూసుకుని ఒకరోజు తన పేరేంటో తనే మర్చిపోద్ది. మొగుణ్ణి అడిగితే నవ్వుతాడు, పిల్లల్నడిగితే నువ్వు అమ్మవేగా అంటారు, పక్కింటావిడా చెప్పలేదు. ఇంక అది వెతుక్కుంటా పోయిద్ది. చిన్న కథే, నవ్వొస్తది కూడా చదువుతుంటే. నేను మా స్టాఫ్ రూమ్ లో పైకి చదివి వినిపించా, మా సోషల్ మేడమ్ 'ఆపవే ఇంక' అని లేచి వెళ్లిపోయింది. సత్యవతి కథలన్నీ కలిపి పుస్తకాలుగా దొరుకుతాయి. ఆవిడే రేవతి అనే ట్రాన్స్ జెండర్ ఆత్మకథని తెలుగులోకి తెచ్చింది, ఒక హిజ్రా ఆత్మకథ అని, దానికి అనువాదాల్లో అకాడెమీ బహుమతి వచ్చింది. అది బరువుగా ఉంటది, తర్వాతెప్పుడన్నా చదువు.

రెండోది ఓల్గా గారి విముక్త. ఆవిడ గుంటూరులోనే పుట్టింది. ఐదంటే ఐదే కథలు, సీతమ్మవారు అడవిలో శూర్పణఖని కలిస్తే ఏం మాట్లాడుకుంటారు, అహల్యని కలిస్తే ఏమనుకుంటారు, ఊర్మిళ పద్నాలుగేళ్లు ఏం చేసింది. 2015లో అకాడెమీ అవార్డొచ్చింది. దేవుళ్ల కథ ఇట్టా రాస్తారా అని మా అత్తగారు ముందు మొహం ముడుచుకున్నారు, తర్వాత ఊర్మిళ కథ దగ్గర నా చేతిలోంచి తీసుకుని ఆవిడే చదివారు, నాకు మళ్లీ ఇవ్వలా.

నవ్వుకోటానికైతే పొత్తూరి విజయలక్ష్మి గారి హాస్య కథలు. శ్రీవారికి ప్రేమలేఖ సినిమా ఉందిగా జంధ్యాలది, అది ఈవిడ ప్రేమలేఖ నవలే. పెళ్లిళ్లు, చుట్టాలు, పనిమనిషి రాని రోజులు, మొగుడి గొప్పలు. ఎవర్నీ కించపరచకుండా నవ్విస్తారు, అది చాలా కష్టం.

అన్నట్టు ఆటోనగర్ లో అకౌంట్స్ అన్నావుగా! సోమరాజు సుశీల గారి 'చిన్న పరిశ్రమలు పెద్ద కథలు' నీకోసమే రాసినట్టుంటది. ఆవిడ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి భర్తతో కలిసి చిన్న ఫ్యాక్టరీ నడిపింది, లోన్లు, ఇన్‌స్పెక్టర్లు, బిల్లులివ్వని పార్టీలు, చెప్పకుండా మానేసే వర్కర్లు, అంతా సొంత అనుభవమే, కానీ నవ్వుతా చెప్పింది. ఆవిడదే ఇల్లేరమ్మ కతలు ఇంకా ఫేమస్. చిన్నపిల్ల చెప్పే కథలు, వాళ్ల నాన్నకి ట్రాన్స్ఫర్లు, చెల్లెళ్లు, కొత్త ఊళ్లు, కొత్త బళ్లు. నువ్వు చదివాక మీ పెద్దాడికి కూడా ఇవ్వొచ్చు. సారీ సారీ, పిల్లల మాట ఎత్తొద్దన్నావు.

బెంజ్‌సర్కిల్_బాస్:

ఇంత కష్టం ఎందుకండీ, ఏఐని అడిగితే ఏ పుస్తకమైనా రెండు నిమిషాల్లో సమ్మరీ ఇస్తది 😂 టైమ్ సేవ్

ఏలూరురోడ్డు_పుస్తకప్పురుగు:

బాస్, పొత్తూరి విజయలక్ష్మి జోకుకి సమ్మరీ తీసి మీ ఇంట్లో చెప్పి చూడు, ఎవరన్నా నవ్వితే మాకు చెప్పు.

యార్డు_గుమస్తా:

నేను ఒప్పుకోనండి. కథలే కరెక్టు అన్న మాట.

నాది గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తా పని. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగతానే ఉంటయ్, పొద్దున వేలంపాట, తర్వాత కాటాలు, తర్వాత రైతుల లెక్కల పట్టీలు రాయటం, రైతులు పక్కన కూచుని మా పట్టీ ముందు రాయి మా పట్టీ ముందు రాయి అని, ఘాటుకి తుమ్ముతా దగ్గుతా ఇంటికి పోయేతలికి మనిషి మనిషిలా ఉండడు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, చిన్నోడు ఇంకా చంకలోనే. ఇట్టాంటి టైములో కథల పుస్తకం తీస్తే ఏమయిద్దో చెప్తా వినండి. ప్రతిసారీ కొత్త ఊరు, కొత్త మనుషులు, ఎవడు ఎవడికి ఏమయితాడో, ఈ రాజ్యం అనే ఆవిడ కోడలా కూతురా తేల్చుకునేతలికే మన పావుగంట అయిపోయిద్ది. రేపు మళ్లీ మొదటికే. నవలయితే అట్టా కాదు, మొదటి యాభై పేజీలు కష్టపడితే చాలు, తర్వాత ఎక్కడ తెరిచినా తెలిసినోళ్లే ఉంటారు, రెండు పేజీలు చదివి మూసేసినా ఏం కాదు, పని చేసుకుంటా వాళ్ల గురించి ఆలోచించుకోవచ్చు. పట్టీలు రాస్తా నేను చేసేది అదే. ఇదివరకు వీక్లీల్లో సీరియల్ కోసం జనం వారమంతా ఎదురుచూసింది అందుకేగా.

అందుకని నేను చెప్పేది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి కొండపొలం. 2019లో తానా, అదే అమెరికా తెలుగోళ్ల సంఘం, నవలల పోటీలో గెలిచింది, 2021లో డైరెక్టర్ క్రిష్ సినిమా తీశాడు. కరువొచ్చి ఊళ్లో మేత లేక గొర్రెల్ని తోలుకుని నల్లమల లోపలికి పోతారు, బీటెక్ చదివి ఉద్యోగం రాని కుర్రాడు కూడా వాళ్ల నాయనతో పోతాడు. పులి ఉంటది, నీళ్లు దొరకవు, రాత్రి గొర్రెల మధ్య పడుకోవాలి. మాది వ్యవసాయం కుటుంబమే కానీ గొర్రెల గురించి అంత ఉందని నాకు తెలవదు. సినిమా చూసినోళ్లు కూడా చదవండి, సినిమా ఎట్టా ఉన్నా పుస్తకంలో అడవి వేరే. కడప మాట మొదట్లో కాస్త అడ్డం పడిద్ది, పది పేజీలకి అలవాటయిపోయిద్ది.

లావు భయం అన్నారు కాబట్టి సన్నది కూడా చెప్తా. కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు. ఆయన డాక్టరు. కొత్తది కాదు కానీ మీరు చదివుండరు. ఒక ముసలాయన, తప్పిపోయి అడవిలో ఈనిన పంది, దాని పిల్లలు, చుట్టూ నక్కలు, అంతా ఒక్క రాత్రిలో జరిగిద్ది. నేను దాన్ని మే నెలలో చదివా, యార్డుకి వేసవి సెలవులిస్తారుగా అప్పుడు, డాబా మీద మంచమేసుకుని మొదలుపెడితే కరెంటు పోయినా ఫోన్ లైటేసుకుని చదివా. మనుషుల పిల్లలకి ఏం కాదు మేడమ్, పందిపిల్లల విషయంలో మాత్రం గుండె రాయి చేసుకోవాలి.

శప్తభూమి అని ఇంకోటి ఉంది, బండి నారాయణస్వామి గారిది, 2019 అకాడెమీ అవార్డు, అనంతపురం వైపు పాత రాజుల కాలం. గొప్పది, కానీ పేర్లు ఎక్కువ. చిన్నోడు చంక దిగాక చూద్దామని పక్కన పెట్టా.

పటమట_అమ్మ:

అయ్యబాబోయ్ ఇన్ని వచ్చాయా, ఆఫీసులో దొంగతనంగా చదువుతున్నా 🙏

బ్రాడీపేట చెల్లీ, పేరు మర్చిపోయే కథ నువ్వు చెప్పిన నాలుగు ముక్కలకే నాకు ఏదో అయింది. స్కూల్ వాట్సాప్ గ్రూపులో నా నంబరు 'ఫలానా వాళ్ల మమ్మీ' అనే ఉంటుంది అందరి ఫోన్లలో, క్లాస్ టీచర్ తో సహా. ఇల్లలకగానే ముందు అదే చదువుతా.

గుమస్తా గారూ మీరు చెప్పింది కూడా నిజమే అనిపిస్తోంది. ఇప్పుడు నాకు డౌటొచ్చింది, కథలా నవలా? రెండు పేజీలు చదివి మూసేస్తే మర్నాటికి నాకు ఏదీ గుర్తుండదు, పాలవాడి లెక్క కూడా గుర్తుండట్లా.

సింగ్‌నగర్_రీడర్:

ఆ డౌటుకి మధ్యలో ఒక దారుందండి. కథలే కానీ అన్నీ ఒకే ఊళ్లో జరిగేవి, లేకపోతే ఒకే ఇంట్లో జరిగేవి. ఏ కథకా కథ అయిపోతుంది, కానీ ఊరు తెలిసిందే, మనుషులు కూడా తెలిసినవాళ్లే. ఇల్లేరమ్మ, దర్గామిట్ట ఆ టైపే. వంశీ గారి మా పసలపూడి కథలు కూడా. గోదారి వెటకారం పడుతుందీ అనుకుంటే అవి తీసుకోండి, కాకపోతే తిండి వర్ణనలు చదివాక ఇంట్లో వాళ్లని ఇబ్బంది పెట్టకూడదు.

ఆ దారిలో అందరికంటే పెద్దాయన మాత్రం సత్యం శంకరమంచి, అమరావతి కథలు. కొత్త కాదు, 1979లోనే అకాడెమీ అవార్డు వచ్చింది, అయినా యండమూరి దగ్గర ఆగిపోయాను అన్నారు కాబట్టి మీరు దీన్ని దాటేసి వెళ్లుంటారని నా అనుమానం. వంద కథలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు, బాపు బొమ్మలు. ఊరేమో మనకి కూతవేటు దూరం, అదే కృష్ణ, అదే గుడి. డాన్స్ క్లాస్ మెట్ల మీద రెండు కథలు హాయిగా అవుతాయి.

నాకు ఆ పుస్తకంతో వేరే లెక్క కూడా ఉంది. మాది సింగ్ నగర్, 2024 సెప్టెంబర్ లో బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మా గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం నీళ్లలోనే. ఫ్రిజ్జు, మంచాలు, పిల్లల యూనిఫామ్ లు, అన్నీ. పుస్తకాల బీరువాలో కింద రెండు అరలు పోయాయి. నీళ్లు తీశాక బీరువా తలుపు తెరుచుకోలేదు, లోపల పుస్తకాలు ఉబ్బి బిగుసుకుపోయాయి, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాల్సి వచ్చింది. అట్టలు ఊడి బురద వాసన, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మా ఆవిడ పారేయమంది, నేను కొన్నిటికి పేజీ పేజీకి మధ్య పాత పేపర్ ముక్కలు పెట్టి ఫ్యాన్ కింద ఆరేశా. అమరావతి కథలు అట్టా బతికింది. ఇప్పటికీ ముట్టుకుంటే అప్పడంలా కరకరమంటది. అందులో వరద అని ఒక కథ ఉంది, కృష్ణ పొంగి ఊరు మునిగితే కులం గిలం లేకుండా అందరూ ఒకచోట చేరే కథ. ఆ కథ చదివితే మాకు ఆ వారం మేడ మీద కూచుని తిన్న పులిహోర పొట్లాలే గుర్తొచ్చాయి, ఎవరు పంపారో ఎవరు పంచారో కూడా తెలీదు. నీళ్లు దిగాక ఎవరి గేటు వాళ్లదే, అది కూడా రాశాడాయన అప్పుడే.

పోయిన పుస్తకాల్లో చాలావరకు మళ్లీ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో సంపాదించా. ఏది ఉంటుందో ఏది ఉండదో చెప్పలేం, అడిగితే కుప్పల్లోంచి లాగి ఇస్తారు, బేరం మాత్రం ఆడాల్సిందే. కొత్తవి అయితే ఏలూరు రోడ్డు ఎట్లాగూ ఉంది, నవోదయ, విశాలాంధ్ర, అన్నీ ఒక్క నడకలో అయిపోతాయి.

వారధి_పాసింజర్:

నేను రోజూ గుంటూరు నుంచి బెజవాడ బస్సులో వచ్చి పోతా, చదువుదామంటే కుదుపులకి తల తిరిగిద్ది, అందుకని వినటమే. ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పటమట అక్కకి గిన్నెలు తోమేటప్పుడు కూడా పనికొస్తది కదా, చేతులు తడిగా ఉన్నా చెవులు ఖాళీనే.

దాసుభాషితం అని తెలుగు ఆడియో పుస్తకాల యాప్ ఉంది. హర్షణీయం అని పాడ్‌కాస్ట్ ఉంది, అందులో మంచి మంచి తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతో మాట్లాడిస్తారు. నాకు తెలిసిందేంటంటే యాసలో రాసినవి వింటేనే సుఖం. నామిని గారివి ఉన్నాయి చూడండి, పచ్చనాకు సాక్షిగా, సినబ్బ కతలు, మిట్టూరోడి కతలు, చిత్తూరు జిల్లా మాట. పుస్తకంలో చదివితే నాకు ప్రతి లైనుకీ అడ్డం పడేది. అదే ఎవరన్నా పలికితే మొత్తం అర్థమైపోద్ది, వాళ్లమ్మ తిట్లతో సహా. మంగళగిరి దగ్గర ఒకసారి పైకి నవ్వేశా, పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లి కూచున్నాడు 😅

కానీ నామిని అమ్మ గురించి రాసినవి ఏడిపిస్తాయి, ముందే చెప్తున్నా, వారధి మీద ట్రాఫిక్ లో ఇరుక్కున్నప్పుడు వినొద్దు.

వినటంలో ఒక ఇబ్బంది ఏంటంటే పిల్లలు మధ్యలో అమ్మా అని పిలిస్తే ఎక్కడ ఆపామో దొరకదు. నవల వినలేం, గుమస్తా అన్న చెప్పినా సరే. కథయితే మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవచ్చు.

ఇంగ్లీషు తేలికగా ఉంటే ఓకే అన్నారుగా, బాను ముష్తాక్ గారి హార్ట్ ల్యాంప్ చూడండి. కన్నడంలో రాసింది, దీపా భాస్తి ఇంగ్లీషులోకి తెచ్చింది, 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. పన్నెండు కథలు, ముస్లిం ఇళ్లల్లో ఆడవాళ్లు, మొగుళ్లు, పిల్లలు, మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లులు. ఇంగ్లీషు పుస్తకమే కానీ మాటతీరు మన ఇళ్లల్లోలాగే ఉంటది, ఆ అనువాదకురాలు కన్నడం వాసన పోకుండా అట్టే ఉంచేసింది. కొన్ని కథలు మాత్రం బాగా బరువు. మీ కండిషన్ గుర్తుంది, పుస్తకం పేరే ఉన్న కథలో తల్లి చాలా దూరం వెళ్తుంది, పిల్లలు ఆపుతారు. తెలుసుకుని మొదలుపెట్టండి.

బ్రాడీపేట_4బై7:

వారధి తమ్ముడూ మంచిది చెప్పావు, మా అత్తగారికి ఈమధ్య కళ్లు సరిగ్గా కనపడట్లా, ఆ యాప్ ఆవిడకి పెట్టిస్తా.

గుంటూరు వాళ్లకి ఒక మాట, కొనక్కర్లేదు అనుకుంటే బృందావన్ గార్డెన్స్ వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర అన్నమయ్య గ్రంథాలయం ఉంది. లంక సూర్యనారాయణ గారు ఎక్కడెక్కడివో పుస్తకాలు పోగేసి పెట్టినవి, లక్షకి పైనే ఉంటాయి. పాత వీక్లీలు కూడా ఉంటాయి. గుడికని చెప్పి బయల్దేరితే ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పరు, అది ఇంకో లాభం. నేను శనివారాలు అంతే.

ఇంకోటి మర్చిపోయా, రైలుబడి. జపాన్ ఆవిడ టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసుకుంది, పాత రైలు పెట్టెల్లో క్లాసులు. పేరెంటింగ్ పుస్తకం కాదు అక్కా ఒట్టు. కానీ ఫౌండేషన్ క్లాస్ నుంచి పిల్లాడొచ్చే టైములో మాత్రం చదవకు, మనసు పాడైపోద్ది. అందులో కూడా ఒకచోట ఒక పిల్లాడి చావు ఉంది, చిన్న అధ్యాయం, ఆ చాప్టర్ తిప్పేయొచ్చు. నేను తిప్పేయలేదు, తిప్పేయాల్సింది.

యార్డు_గుమస్తా:

సింగ్ నగర్ ఆయన చెప్పిన మధ్యేమార్గం నాకు నచ్చింది. అమరావతి కథలు మా నాయన దగ్గర ఉండేది, ఎవరో తీసుకుపోయి ఇవ్వలా. అయినా నవలే నవల, నా మాట మారదు.

ఏలూరురోడ్డు_పుస్తకప్పురుగు:

గుమస్తా గారూ మీరు మే నెలలో చదువుతారు కాబట్టి అట్లా అంటున్నారు. మేడమ్ కి మే నెల లేదు, పిల్లలకి సెలవులొస్తే ఆవిడకి ఉన్న పావుగంట కూడా పోతుంది 😄

యార్డు_గుమస్తా:

అది కరెక్టే బ్రదర్. మా ఇంటావిడ కూడా ఇదే అంటది, నువ్వు డాబా మీద పుస్తకం చదివినప్పుడు ముగ్గుర్నీ ఎవరు చూసుకున్నారు అని.

పటమట_అమ్మ:

హహ్హ. ముందు ఆవిడకి కొనిపెట్టండి గుమస్తా గారూ ఒక పుస్తకం.

సరే నేను ఫిక్సయ్యా. సత్యవతి గారివి, ఇల్లేరమ్మ, అమరావతి కథలు ముందు. చిన్న పరిశ్రమలు దొరికితే రెండు కాపీలు, ఒకటి మా ఓనరు గారి టేబుల్ మీద పేరు లేకుండా పెట్టేస్తా. కొండపొలం మాత్రం జనవరిలో బుక్ ఫెస్టివల్ పెట్టినప్పుడు కొంటా, మా ఆయన డబ్బులతో. శనివారం ఏలూరు రోడ్డుకి వెళ్తున్నా, చిన్నదాన్ని తీసుకెళ్తే ఏ షాపులోనూ నిలవనివ్వదు, దాన్ని మా అమ్మ దగ్గర దింపాలి. ఒక్క డౌటు, అమరావతి కథలు బాపు బొమ్మలున్న ఎడిషనే కావాలంటే షాపులో ఏమని అడగాలి?

సింగ్‌నగర్_రీడర్:

బొమ్మలున్నదే కావాలి అని అడగండి, అంతే. డబ్బులిచ్చే ముందు మాత్రం లోపల నాలుగు పేజీలు తిప్పి అచ్చు చూసుకోండి, కొన్ని ప్రింట్లలో బొమ్మలు మసగ్గా వచ్చాయి. శనివారం సాయంత్రం అయితే బండి తీసుకెళ్లొద్దు, ఏలూరు రోడ్డులో పార్కింగ్ దొరకదు, బస్సు బెటరు.